పర్యాటకం – మీ ప్రశ్నలు: శనివారం సరే, మంగళవారం సంగతేంటి?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పాయి. జనం వస్తున్నారు, డబ్బు నిలవడం లేదు. వచ్చేవాళ్ల తీరు మారింది మరి. పది రోజుల ముందే గది మాట్లాడుకునే కుటుంబాలు తగ్గాయి. శుక్రవారం రాత్రి ఫోన్లో చూసి శనివారం తెల్లారేసరికి బండి తీసేవాళ్లు పెరిగారు. బెంగుళూరు నుంచి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు, గండికోట సుమారు 280. హైదరాబాదు నుంచి కర్నూలు 210. ఒక రాత్రి ఉండి, రెండో రోజు మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టే దూరాలివి. అందుకే గదులు పెంచమని మేం తొందరపెట్టం. వచ్చిన బండిని ఇంకో పూట నిలపడం ఎలా, వారం మధ్యలో ఖాళీ ఎలా నింపాలి అన్నవే ముందు చూడాలంటాం.

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. గండికోట దారిలో అర ఎకరా ఉంది. శనివారం వస్తే చాలు, కర్ణాటక కార్లూ బైకులూ వరసగా వస్తాండాయి. పది టెంట్లు వేస్తే గిట్టుబాటవుతుందా? మా అన్న వద్దంటాండాడు.

జవాబు: మీ అన్నగారి భయంలో సగం నిజముంది. ముందు లెక్క చూడండి. గండికోటకు అసలు సీజను అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, 151 రోజులు. అందులో శనివారాలు 21, లేదంటే 22. మనిషికి రాత్రి భోజనం, పొద్దున టిఫినుతో కలిపి 1,200 తీసుకుంటారనుకుందాం. పది టెంట్లలో 20 మంది ఉంటే శనివారానికి 24,000. 22 శనివారాలూ నిండితే 5,28,000. తిండి ఖర్చు మనిషికి 350 చొప్పున 1,54,000 పోతుంది. ఇద్దరు పనివాళ్లకు నెలకు 12,000 చొప్పున అయిదు నెలలకు 1,20,000. ట్యాంకరు నీళ్లకు వారానికి 800 వేస్తే 17,600. టెంటు 8,000 అనుకుంటే పదింటికి 80,000. మన ఎండకు గుడ్డ రెండు సీజన్లకు మించి నిలవదు కాబట్టి ఏడాదికి 40,000 వేసుకోండి. చివరికి చేతిలో మిగిలేది రెండు లక్షల లోపే. మరుగుదొడ్లు కట్టిన ఖర్చు, కరెంటు ఇందులో లేవు. అక్టోబరు, నవంబరులో అల్పపీడనం పట్టి రెండు శనివారాలు తుడిచిపెట్టుకుపోతే లెక్క ఇంకా తగ్గుతుంది.

కాబట్టి శనివారం మీద మాత్రమే పెట్టుబడి పెట్టకండి. నాలుగు టెంట్లతో మొదలుపెట్టండి. వారం మధ్యలో రాగలిగేవాళ్లు ఎవరో వెతకండి: రాళ్ల పొరలు చూడటానికి వచ్చే భూగర్భశాస్త్రం విద్యార్థులు, అమావాస్య చుట్టుపక్కల చుక్కల ఫొటోల కోసం వచ్చేవాళ్లు, రిటైరైన దంపతులు. కాలేజీలకు ఆగస్టులోనే ఉత్తరం రాయాలి. నవంబరులో రాస్తే వాళ్ల ప్రయాణాలు అప్పటికే ఖాయమైపోయి ఉంటాయి.

ఇక టెంటు సంగతి. అక్కడి నేల రాతినేల. టెంటుతో వచ్చే మేకులు రెండంగుళాలు దిగి వంగిపోతాయి, లోయ మీదుగా రాత్రి గాలి లేచిందంటే టెంటు లేచిపోతుంది. మూల మూలకూ 15 కిలోల ఇసుక మూట కట్టండి. కింద పరిచే టార్పాలిను టెంటు అడుగుకన్నా అంగుళమైనా బయటికి కనపడకూడదు. కనపడితే పైనుంచి జారిన వాననీళ్లు దాని మీద పడి నేరుగా పరుపు కిందికి చేరతాయి. వాన ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క తప్పువల్లే. గుడ్డ కొనేటప్పుడు నీటిని ఆపే శక్తి 2,000 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. పొద్దున ఎనిమిదికే లోపల ఉడికిపోతుంది, తూర్పు వైపు షేడ్‌నెట్ కట్టండి.

20 మందికి కనీసం మూడు మరుగుదొడ్లు కావాలి, అందులో ఒకటి ఆడవాళ్లకే. నీళ్లు మనిషికి 50 లీటర్లు, వంటకు వేరే. అంటే 2,000 లీటర్ల ట్యాంకు ఉండాలి. లోయ అంచుకు కనీసం 50 మీటర్ల దూరం పాటించండి. చీకట్లో సెల్ఫోను వెలుతురుకు అంచు కనపడదు. నెగడు వేస్తే గడ్డి పీకేసిన నేల మీద, చుట్టూ మూడు మీటర్లు ఖాళీ వదిలి, పక్కన రెండు ఇసుక బకెట్లు పెట్టి వేయండి. చెప్పులు టెంటు లోపలే పెట్టుకోమనండి, జిప్పు ఎప్పుడూ వేసే ఉంచమనండి. తేళ్లు బయట విడిచిన బూట్లలోకే చేరేది.

ఒక ముఖ్యమైన మాట. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆపై 200 మీటర్లలో జాతీయ స్మారక చిహ్నాల ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. టెంటు కట్టడం కాదు కదా అని వాదించేవాళ్లున్నారు. కింద సిమెంటు గద్దె, పక్కన బాత్రూము వచ్చాయంటే ఆ వాదన నిలవదు. మీ అర ఎకరా ఎంత దూరంలో ఉందో కొలిపించుకున్నాకే రూపాయి ఖర్చు పెట్టండి.

ప్రశ్న: బనగానపల్లె నుంచి బెలుం గుహలకు పోయే దారిలో మాకు చిన్న హోటలు ఉంది. ఇడ్లీ, దోసె, మీల్స్. కార్లు ముందునుంచే పోతున్నాయి గానీ ఆగడం లేదు. ఏసీ పెట్టమంటారా?

జవాబు: ఏసీ వద్దు. ముందు మరుగుదొడ్డి. కుటుంబంతో వచ్చే కారు ఎక్కడ ఆగాలో తేల్చేది సాధారణంగా వెనక సీటులో కూర్చున్న ఆడవాళ్లూ పిల్లలూ. శుభ్రమైన మరుగుదొడ్డి ఉందని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి, తెలుగులోనూ కన్నడంలోనూ. బోర్డు హోటలు ముందు ఉంటే ప్రయోజనం లేదు. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. బోర్డు చదివి, ఆలోచించి, బ్రేకు వేయడానికి కనీసం 200 మీటర్ల ముందే కనపడాలి.

రెండోది, ఇడ్లీ దోసెలు బెంగుళూరులో వీధి వీధికీ ఉన్నాయి. వాళ్లు ఇక్కడ వెతికేది ఉగ్గాని బజ్జీ, రాగి సంగటి నాటుకోడి పులుసు, జొన్నరొట్టె, శనక్కాయ ఊరుబిండి. ఉగ్గాని పొద్దున ఏడు నుంచి పది దాకా నడుస్తుంది. బొరుగులు నానబెట్టి పిండాక పదిహేను నిమిషాలకే మెత్తబడి ముద్దవుతాయి కాబట్టి తాలింపు ముందే చేసి పెట్టుకుని, కారు ఆగాకే బొరుగులు కలపండి. బజ్జీ వేడిగా పడితేనే ఉగ్గానికి పేరు.

సంగటికి కిలో బియ్యం, కిలో రాగిపిండి వేస్తే 300 గ్రాముల ముద్దలు సుమారు 20 తేలతాయి. చిక్కు నాటుకోడితో వస్తుంది. బతికున్న కిలోకు శుభ్రం చేశాక మిగిలేది 650 నుంచి 700 గ్రాములే. ఉడకడానికి గంట పైనే పడుతుంది. బ్రాయిలరు ధర చూసి ప్లేటు రేటు కట్టినవాళ్లు చేతులు కాల్చుకునేది ఇక్కడే. పైగా వారం మధ్యలో వండి పెట్టుకుంటే మిగిలిపోతుంది. ‘రెండు గంటల ముందు ఫోన్ చేయండి, నాటుకోడి సిద్ధంగా ఉంటుంది’ అని బెలుం దగ్గర పార్కింగు వైపు ఒక చిన్న బోర్డు పెట్టించుకోగలిగితే చాలు. వాళ్లు గుహలోకి దిగేముందు చెప్తారు, పైకొచ్చి మీ దగ్గరికి వస్తారు. గుహ లోపల యాత్రికులు నడిచే దారి సుమారు కిలోమీటరున్నర. లోపల గాలి ఆడక ఉక్కపోత. బయటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉంటుంది. ఆ మనిషికి మొదట కావలసింది అన్నం కాదు, ఉప్పేసిన చల్లటి మజ్జిగ. కూర్చోగానే అడక్కుండానే ఒక గ్లాసు ముందు పెట్టండి. బిల్లులో వేయకండి.

ప్రశ్న: హిందూపురంలో మా ఇంటి పై అంతస్తులో మూడు గదులు ఖాళీ. పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. లేపాక్షి వచ్చేవాళ్లకు హోమ్‌స్టేగా ఇవ్వాలనుంది. బుకింగ్ యాప్‌లో పెడితే ఎంత మిగులుతుంది? పన్నులు, అనుమతుల గురించి చెప్పండి. కరెంటు కార్లకు చార్జింగు అడుగుతున్నారు, ఏసీ సాకెట్టుకు పెట్టుకోమనొచ్చా?

జవాబు: మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారు కాబట్టి హోమ్‌స్టేకు మీది సరైన ఇల్లు. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపుకు యజమాని కుటుంబం అక్కడే ఉండాలి. గదులు ఒకటి నుంచి ఆరు దాకా ఉండొచ్చు. గోల్డు, సిల్వరు అని రెండు తరగతులిస్తారు. రాష్ట్రంలో 2024–29 పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. దాని కింద మీకేమొస్తుందో జిల్లా పర్యాటక అధికారిని అడిగి రాతలో తీసుకోండి. తిండి పెడితే ఆహార భద్రత రిజిస్ట్రేషను తప్పదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. మీ దగ్గర్లోనే పుట్టపర్తి ఉంది, ఈ పని మీకు తరచుగానే పడుతుంది. మరిచిపోతే తిప్పలు మీకే.

పన్ను మాట. ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉన్నంతకాలం మీకు జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కర్లేదు. అప్పుడు యాప్ ద్వారా వచ్చిన అతిథి దగ్గర పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత యాప్‌దే. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు 5 శాతం. పాన్ నంబరు ముందే ఇవ్వండి. ఇవ్వకపోతే యాప్ మీకిచ్చే డబ్బులోంచే 5 శాతం ఆదాయపు పన్ను (టీడీఎస్) కింద కోత పడుతుంది.

మిగులు ఇలా ఉంటుంది. గది 2,000. కమిషను 20 శాతమనుకుంటే 400. ఆ కమిషను మీద 18 శాతం జీఎస్టీ 72. మీ చేతికి 1,528. దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికించడం, ఇద్దరికి టిఫిను, కరెంటు, ఊడ్చి తుడిచే మనిషి కలిపి 470 వేసినా, 1,058 మిగులు. అదే మనిషి రెండోసారి నేరుగా మీకు ఫోన్ చేసి వస్తే 1,800కే ఇవ్వండి. అతనికి 200 తగ్గింది, మీకు 272 పెరిగింది. అయితే బయట బోర్డు మీదో సొంత పేజీలోనో తక్కువ ధర రాసేముందు యాప్ ఒప్పందం చదవండి. తమకన్నా తక్కువకు చూపించకూడదన్న షరతు కొన్నిట్లో ఉంటుంది. అలా ఉంటే ధర అంతే ఉంచి, రాత్రి భోజనం మీ తరఫున పెట్టండి. యాప్‌ను మొదటి పరిచయానికి వాడుకోవడం తప్పేం కాదు, రెండో పరిచయానికీ అదే వాడితేనే నష్టం.

చార్జింగు: ఏసీ సాకెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్సు రెండూ వద్దు. 16 ఆంపియర్ల సాకెట్టు నుంచి కారు సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది, అదీ ఆగకుండా రాత్రంతా. 40 యూనిట్ల బ్యాటరీ 20 శాతం నుంచి నిండాలంటే 32 యూనిట్లు, అంటే దాదాపు 11 గంటలు. ఏసీ అయితే మధ్యమధ్య ఆగి చల్లబడుతుంది, కారు అలా ఆగదు. పాత సాకెట్టులో పిన్ను వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించండి, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేది), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే షాకు తగలకుండా ఆపేది) పెట్టించండి. ఎర్తింగు బాగుండాలి. ‘కారు చార్జింగు తీసుకోవడం లేదు’ అన్న ఫిర్యాదు చాలాసార్లు ఎర్తింగు గుంత ఎండిపోవడంవల్లే. ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంతలో బకెట్టు నీళ్లు పోయించండి. విడిగా ఒక సబ్ మీటరు పెడితే యూనిట్ల లెక్క అతిథికే చూపించొచ్చు, మాటా మాటా రాదు. ఇంటి కనెక్షను మీద ఇదంతా నడపొచ్చో లేదో కరెంటు ఆఫీసులో ముందే అడగండి.

ప్రశ్న: ఆళ్లగడ్డలో మాది డ్వాక్రా సంఘం. ఉచిత బస్సు వచ్చినప్పటినుంచి అహోబిలానికి ఆడోళ్లు గుంపులు గుంపులుగా వస్తాండారు. చేతిలో డబ్బు పెద్దగా ఉండదు. మేం ఏం పెట్టుకుంటే బాగుంటుంది?

జవాబు: 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక బస్సు చార్జీ మిగిలినవాళ్లు ఆ డబ్బును తిండికీ, ఆటోకూ, బొమ్మలకూ పెడతారు. పెద్దగా ఉండదు నిజమే, గుంపులో తలా యాభై వేసుకుంటే పదిహేను మందికి 750. దిగువ అహోబిలం నుంచి ఎగువకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఆ దూరానికి ఆటో బేరమే వాళ్లకు తలనొప్పి. నాలుగైదు ఆటోలతో మాట్లాడి మనిషికి ఇంత అని ఖాయం చేసి బోర్డు రాయించండి. సామాన్లు దాచే గది ఒకటి, టోకెను పద్ధతిలో. బస్సు వచ్చే వేళకు పొట్లాల చిత్రాన్నం, అలసంద వడలు. జ్వాలా నరసింహుడి దాకా నడిచేవాళ్లకు నీళ్ల సీసా, ఊతకర్ర అద్దెకు. కర్రకు 50 రూపాయలు డిపాజిట్ తీసుకోండి, లేకపోతే సాయంత్రానికి ఒక్కటీ తిరిగిరాదు. గుంపును తెచ్చే పెద్దమ్మ ఫోన్ నంబరు రాసుకోండి. వచ్చే కార్తీకంలో మళ్లీ గుంపును కట్టేది ఆమే.

ప్రశ్న: కర్నూలులో నాకు ఏడు సీట్ల బండి ఉంది, పసుపు ప్లేటే. ఒక్కరోజులో ఓర్వకల్లు, బెలుం, గండికోట చూపించి తెమ్మంటారు, కిలోమీటరుకు 12 ఇస్తామంటారు. తీసుకోవచ్చా?

జవాబు: మొత్తం సుమారు 330 కిలోమీటర్లు. లీటరుకు 14 కిలోమీటర్లు, డీజిలు 97 అనుకుంటే ఇంధనానికే 2,290. టైర్లు, ఆయిలు, సర్వీసుకు కిలోమీటరుకు రెండు చొప్పున 660. డ్రైవరు బత్తా 600, మీరే నడిపినా ఇది వేసుకోండి. కంతు, ఇన్సూరెన్సు, పన్ను కలిపి నెలకు 25,000 ఉండి, బండి నెలకు 15 రోజులే తిరిగితే రోజుకు 1,667. మొత్తం 5,217, అంటే కిలోమీటరుకు 15 రూపాయల 80 పైసలు. నెలకు 20 రోజులు తిరిగితే 14.55కి దిగుతుంది. పన్నెండుకు ఒప్పుకుంటే ఇంట్లో డబ్బు తెచ్చి ఊరేగించినట్టే. టోలు, పార్కింగు వేరే అని ముందే వాట్సాప్‌లో రాసి పంపండి.

అంతకంటే పెద్ద ఇబ్బంది వేళది. ఆరుకు బయల్దేరి ఓర్వకల్లు రాళ్లవనం చూసి బెలుం చేరేసరికి పది, గండికోట మూడు. సూర్యాస్తమయం చూడకుండా వాళ్లు కదలరు. తిరిగి కర్నూలు చేరేసరికి రాత్రి పదిన్నర. పదహారు గంటలు ఒక్క మనిషి స్టీరింగు మీద ఉండటం ప్రమాదం. రెండురోజుల ప్యాకేజీగా మార్చి, రెండో రోజు తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి కలపండి. తాడిపత్రి బెలుంకు 30 కిలోమీటర్లే, అక్కడి రాతి చెక్కడం చూశాక వచ్చిన దారి వృథా అయిందని ఎవరూ అనరు. మీకు రెండు రోజుల బాడుగ, జమ్మలమడుగులో ఎవరికో ఒక రాత్రి గది అద్దె. శ్రీశైలం బాడుగ అయితే గుర్తుంచుకోండి: దోర్నాల వైపు అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. దర్శనం ఆలస్యమైందంటే కొండమీదే పడుకోవాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

ప్రశ్న: మా లాడ్జికి ఎవరో ఫోన్ చేసి పది గదులు కావాలన్నాడు. అడ్వాన్సు పంపుతాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. అనుమానమొచ్చి ఆగాం. — అనంతపురం

జవాబు: ఆగి మంచి పని చేశారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందని అర్థం. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. గంట ఆలస్యమైనా డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. స్క్రీన్‌షాటు చూసి తాళాలు ఇవ్వకండి, మీ బ్యాంకు సందేశమో సౌండ్ బాక్సు మాటో వినాలి. మరొకటి, గూగుల్ మ్యాపులో మీ లాడ్జి గుర్తు వెనక వీధిలో పడి ఉంది, ఉత్తరంతో పంపిన ఫొటోలో కనపడుతోంది. రాత్రి పదింటికి వచ్చినవాడు వెనక వీధిలో చీకట్లో తిరిగి, పక్క లాడ్జికి పోతాడు. ముందు అది సరిచేయండి. మీ ఊరు కొత్త జిల్లాలోకి పోయి ఉంటే చిరునామాలో కొత్త జిల్లా పేరు, పాత జిల్లా పేరు రెండూ ఉంచండి. జిల్లాలు 2022లో విడిపోయినా బయటివాళ్లు పాత పేరుతోనే వెతుకుతున్నారు.

ప్రశ్న: గండికోటకు కోట్లు వస్తున్నాయని విని, చుట్టుపక్కల స్థలం కొనమని బంధువులు పోరుతున్నారు. — కడప

జవాబు: 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్లు మంజూరు చేసిన మాట నిజం. ఆ డబ్బు సదుపాయాలకు, మీ ప్లాటుకు కాదు. మీకు చూపించిన సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసులో అది పట్టా భూమా, అసైన్డా, అటవీ హద్దులోదా చూడండి. ఆ తర్వాత రక్షిత కట్టడం నుంచి దూరం కొలిపించండి. ఈ రెండూ తేలకుండా అడ్వాన్సు ఇవ్వమని తొందరపెట్టేది బంధువైనా సరే, వచ్చే వారం రమ్మనండి.